అమ్మ మాట విని ఆప్ 'రిస్క్ 72' అంది. ఎంతవరకు నమ్మాలి?

మారతహళ్లి_మధు · శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. విషయం కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకు 64. హిందూపురంలో టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక బెంగళూరు వచ్చి మాతోనే ఉంటోంది. మనిషి బాగానే ఉంది. కూరగాయల బండి అతనితో కన్నడంలో బేరమాడుతుంది, పాపకు ఎక్కాలు అప్పజెప్పిస్తుంది, బీపీ మాత్ర తనే గుర్తుపెట్టుకుని వేసుకుంటుంది. మతిమరుపు కాదు. మాట దొరకడం లేదు, అంతే. మొన్న వంటింట్లోంచి "ఒరే, ఆ... అదీ... పులుసు తిప్పుతామే, అది ఇలా అందుకో" అంది. గరిటె ఎదురుగా మేకుకే వేలాడుతోంది. ఇలాంటివి ఏడాదిగా పెరిగాయి.

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు మెమరీ క్యాంపు పెట్టారు. ట్యాబ్‌లో ఒక ఆప్ తెరిచి, ఒక బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో చెప్పమన్నారు. అమ్మ ఒకటిన్నర నిమిషం మాట్లాడింది. అక్కడికక్కడే రిపోర్టు: 'స్పీచ్ రిస్క్ 72', ఎర్ర రంగు. కింద 'భాషా సంబంధ నాడీ క్షీణత అవకాశం' అని ఇంగ్లిష్‌లో. పక్కనే పద్దెనిమిది వేల ప్యాకేజీ.

వారం నుంచీ నిద్ర లేదు. మాట విని జబ్బు చెప్పడం అసలు అయ్యే పనేనా? ఈ 72 ఏంటి?

సందేహాల_శెట్టి · శనివారం రాత్రి 10:58

ప్యాకేజీ అన్నారు కదా, అక్కడే అర్థమైపోయింది. చిలక జోస్యం, కాకపోతే చిలకకి జీఎస్టీ నంబరుంది.

కోడ్_కాపరి · శనివారం రాత్రి 11:31

శెట్టిగారూ, సగం ఒప్పుకుంటా. మధు అన్నా, నేను స్పీచ్ టెక్నాలజీలోనే పనిచేస్తాను, మెడికల్ వైపు కాదు. తెలిసినంత చెప్తా.

మాట విని జబ్బు ఆనవాలు పట్టడం చిలక జోస్యమేం కాదు. మీకు చూపించిన బొమ్మలో నీళ్లు పొంగిపోతున్న సింకు దగ్గర పళ్లెం తుడిచే ఆవిడ, స్టూలెక్కి బిస్కెట్ల డబ్బా అందుకోబోతున్న పిల్లాడు ఉన్నారా? అయితే అది 1972లో బోస్టన్ అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) పరీక్ష కోసం గీసింది. అప్పట్నుంచీ డాక్టర్లు అదే చూపించి వింటున్నారు. ఇప్పుడు చెవి బదులు కంప్యూటర్ వింటోంది. అది లెక్కేసేవి: ఎంతసేపు ఆగారు, ఎన్నిసార్లు ఆగారు, నిమిషానికి ఎన్ని మాటలు, నామవాచకాలు ఎన్ని, 'అది, ఇది, వాడు' లాంటి సర్వనామాలు ఎన్ని, వాడిన మాటలు అందరూ వాడేవా అరుదైనవా, బొమ్మలో ఉన్న విషయాల్లో ఎన్ని చెప్పారు. 2016లో కెనడావాళ్లు ఇలాంటి కొలతలు 370 తీసుకుని, అల్జీమర్స్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ సుమారు 81 శాతం సరిగ్గా విడదీశారు.

వినడానికి బాగుంది కదా. ఇప్పుడు చిక్కులు.

ఒకటి, మాట విని అల్జీమర్స్ పట్టే ప్రోగ్రాములకు 2020లో పెట్టిన, ఆ రంగంలో పెద్దదిగా చెప్పుకునే పోటీలో వాడిన గొంతులు మొత్తం 156 మందివి. మా ఆఫీసు క్యాంటీన్ క్యూలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. అందరూ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే.

రెండోది క్యాంపు లెక్క. మన దేశంలో అరవై దాటినవాళ్లలో డిమెన్షియా సుమారు 7.4 శాతమని 2023లో వచ్చిన సర్వే అంచనా. ఆప్ రెండు వైపులా 80 శాతం కరెక్ట్ అనే అనుకుందాం. వెయ్యిమంది పెద్దవాళ్లు వస్తే జబ్బున్నవాళ్లు 74 మంది, వాళ్లలో 59 మందికి ఎరుపు. జబ్బు లేని 926 మందిలో 185 మందికీ ఎరుపే. అంటే ఎర్ర కాగితం పట్టుకున్న 244 మందిలో నిజంగా జబ్బున్నది నలుగురిలో ఒకరికి. మిగతా ముగ్గురు మీలాగే నిద్ర మానేస్తారు.

జయనగర్_పిన్ని · ఆదివారం ఉదయం 6:15

మధు బాబూ, నీ పోస్టు రాత్రే చూశాను, కళ్లు మండి రాయలేకపోయాను. మా ఆయనకు ఆరేళ్లుగా ఇదే జబ్బు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా, అంటే మాట మెల్లమెల్లగా పోయే జబ్బు, అందులో మాటల అర్థాలు పోయే సిమాంటిక్ రకం. బ్యాంకులో మేనేజరుగా చేసిన మనిషి.

మొదట్లో ఆయనా 'అదీ, ఇదీ' అనేవారు. వయసనుకున్నాం. ఒకరోజు సాయంత్రం జామకాయలు కోసి ప్లేటులో పెట్టి, "జామకాయ తినండి" అన్నాను. ముక్క చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "జామకాయ అంటే ఏంటి?" అన్నారు. పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. మా పెళ్లయినప్పట్నుంచీ మా పెరట్లో జామచెట్టుంది.

అందుకని నిన్ను ఒకటే అడుగుతాను. నువ్వు 'గరిటె' అని అందిస్తే మీ అమ్మ ఏమంటుంది?

మారతహళ్లి_మధు · ఆదివారం ఉదయం 7:40

పిన్నిగారూ, ఏం రాయాలో తెలియడం లేదు. మేం అందిస్తే "ఆఁ, గరిటె! చచ్చింది, నోట్లోనే ఉంది రా" అంటుంది. ఒక్కోసారి 'గ' అనగానే మిగతాది తనే అనేస్తుంది.

పలుకుబడి · ఆదివారం ఉదయం 9:05

పిన్నిగారు అడిగింది మా క్లాసులో చెప్పే మొదటి ప్రశ్న. నేను స్పీచ్ థెరపిస్టుని, మైసూరులో చదివి ఇక్కడ పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో జబ్బు పేరు చెప్పను, అది ముందే అనుకుందాం.

మాట నోటికి రాకపోవడం వేరు, మాట అర్థమే పోవడం వేరు. పిన్నిగారి ఇంట్లో జరిగింది రెండోది. ఎడమ కణత లోపలి భాగం ముందువైపు కుంచించుకుపోతే అలా అవుతుంది. మధుగారు చెప్పింది మొదటిది. దానికి కారణాలు వంద. వినికిడి తగ్గడం, బీ12, థైరాయిడ్, నిద్ర లేకపోవడం, డిప్రెషన్. భర్త పోయి ఊరు మారిన మనిషి, అది కూడా చూడాలి. నిజంగా క్షీణతే అయితే అందులో లోగోపీనిక్ అనే రకం ఉంది. మాట కోసం మధ్యమధ్యలో ఆగుతారు, పొడుగు వాక్యం తిరిగి చెప్పమంటే సగంలో జారిపోతుంది, అర్థం మాత్రం చాలాకాలం పదిలంగా ఉంటుంది. దాని వెనక ఎక్కువసార్లు ఉండేది అల్జీమర్స్ మార్పే. ఇంకోటి నాన్‌ఫ్లూయెంట్. మాట బరువుగా, విడివిడిగా వస్తుంది, వ్యాకరణం ఊడిపోతుంది.

ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియాని మెసులమ్ అనే డాక్టరు 1982లో ఆరుగురు పేషెంట్లని చూసి రాశారు. ఈ మూడు రకాలుగా లెక్కపెట్టడం 2011లో ఖాయమైంది. కొలతలన్నీ ఇంగ్లిష్ వాళ్ల నోట్లోంచి వచ్చాయి, తెలుగు దగ్గరికొచ్చేసరికి తిరగబడతాయి. రెండు మూడు చెప్తాను, ఇది నాకిష్టమైన గొడవ.

సిమాంటిక్ రకానికి ఇంగ్లిష్‌లో ఒక పెద్ద గుర్తు ఉంది. స్పెల్లింగు ఒకటీ పలుకు ఒకటీ ఉండే మాటలు తప్పు చదువుతారు, 'పైంట్' అనాల్సినదాన్ని 'పింట్' అంటారు. మనకు రాసిందే చదువుతాం. పిన్నిగారి భర్త పేపరు గడగడా చదువుతూ ఉండుంటారు.

సర్వనామాలు ఎక్కువైతే జబ్బు గుర్తంటుంది ఇంగ్లిష్ లెక్క. మనం 'వచ్చాడు, తిన్నాడు, పోయాడు' అని 'వాడు' లేకుండానే కథంతా చెప్పేస్తాం. మళ్లీ 'అదీ... అంటే... మరీ...' అని ఊరికే ఊతంగా వాడతాం. ఆ 'అది' సర్వనామమా, ఆలోచించుకోడానికి తీసుకున్న ఊపిరా? మనిషి రాగం విని చెప్తాడు. ఆప్ రెండూ ఒకే డబ్బాలో వేస్తుంది.

వ్యాకరణం ఊడటమూ అంతే. ఇంగ్లిష్‌లో చిన్న చిన్న మాటలు రాలిపోతాయి. మనకు మాట చివర ఊడుతుంది. 'బజారు... కూరగాయలు... తెచ్చా', 'కి' పోయింది. లేదా 'నాన్న వచ్చింది' అంటారు. ఆ 'వచ్చింది' పట్టుకోవాలంటే యంత్రానికి తెలుగు నిజంగా వచ్చి ఉండాలి. తెలుగు తర్వాత నేర్చుకున్నవాళ్లు కూడా అలాగే అంటారు, వాళ్లకి జబ్బు లేదు.

జయనగర్_పిన్ని · ఆదివారం ఉదయం 9:20

నిజమే తల్లీ. పేపరు మొత్తం పైకి చదివేవారు. చదివి, "వరద అంటే?" అనేవారు.

సందేహాల_శెట్టి · ఆదివారం ఉదయం 10:02

పొద్దున్నే మనసు పాడైంది. చిలక మాట వెనక్కి తీసుకుంటున్నా.

హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌ది కూడా ఇదే కదా? 2022లో అఫేసియా అన్నారు, మరుసటి ఏడాది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందుభాగం, కణతల భాగం క్షీణించే జబ్బు) అన్నారు. అంత డబ్బున్నోళ్లకే పేరు తేలడానికి అంత టైము పడితే మన సంగతేంటి?

ఇంకో డౌటు. మధుగారి అమ్మగారికి తెలుగు, కన్నడం, ఇంగ్లిష్ వచ్చు కదా. ఎక్కువ భాషలు వస్తే డిమెన్షియా రాదని ఎక్కడో చదివాను.

పలుకుబడి · ఆదివారం ఉదయం 10:25

రాదని కాదు, ఆలస్యంగా వస్తుందని. అది మన తెలుగు నేల మీద జరిగిన పనే. డాక్టర్ సువర్ణ అల్లాడి, తోటివాళ్లు హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలో కూడా.

కానీ ఆప్‌కి అదే తలనొప్పి. మూడు భాషల మనిషి ఏ మాట ఏ భాషలో తీయాలా అని ఆగే ఆగడం, జబ్బు వల్ల ఆగే ఆగడం, గ్రాఫులో ఒకేలా ఉంటాయి.

మారతహళ్లి_మధు · ఆదివారం మధ్యాహ్నం 2:16

మీరంతా చెప్పాక ఆ రిపోర్టు మళ్లీ తీశాను. వెనక పేజీలో అమ్మ మాటల ట్రాన్‌స్క్రిప్ట్ ఉంది. నేను చూస్తుంటే అమ్మ వచ్చి లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుని, పాప పెన్సిల్ బాక్సులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దడం మొదలెట్టింది! ముప్పై ఏళ్ల అలవాటు.

"నేను 'కొళాయి' అన్నాను, వీడు 'కోడలు' అని రాసుకున్నాడు" అంటూ కొట్టేసింది. "ఈ 'ధన్యవాదాలు' ఎక్కడిది? నేనెవరికీ చెప్పలేదే" అని ప్రశ్నార్థకం పెట్టింది. ఆమె ఆగిన చోట అది వచ్చింది. 'ఆ... అదీ...' అన్నవి ఒక్కటీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో లేవు. చివర్లో పదికి మూడు మార్కులేసి సంతకం పెట్టింది.

కోడ్_కాపరి · ఆదివారం మధ్యాహ్నం 3:01

అమ్మగారికి మా టీమ్‌లో ఉద్యోగం ఇప్పిస్తా.

సీరియస్‌గా: 'ధన్యవాదాలు' ఎక్కడిదో ఊహించగలను. మాటని అక్షరాలుగా మార్చే మోడల్స్‌కి ఇంటర్నెట్‌లోని వీడియోలు, సబ్‌టైటిల్స్ ఆహారం. విస్పర్ అనే ప్రసిద్ధ మోడల్‌నే 6,80,000 గంటల ఆడియోతో తయారుచేశారు. సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు 'ఆ... ఊ...' తీసేస్తారు, మోడల్ కూడా తీసేయడం నేర్చుకుంటుంది. నిశ్శబ్దం వస్తే ఒక్కోసారి వీడియో చివర వచ్చే మాట ఏదో అతికిస్తుంది. 2024లో అమెరికాలో అఫేసియా ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ ఇంగ్లిష్ రికార్డింగుల మీద విస్పర్‌ని చూశారు. సుమారు ఒక శాతం క్లిప్పుల్లో అనని వాక్యాలు పుట్టుకొచ్చాయి, నిశ్శబ్దాలు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువగా. మీ ఆప్‌లో ఉన్నది ఏ మోడలో చెప్పలేను గానీ జబ్బు తీరు అదే.

ఇక్కడ తమాషా చూడండి. డాక్టరుకి కావాల్సింది ఆ తడబాటే. యంత్రం దాన్నే చెత్త అనుకుని ఊడ్చేసి, మిగిలిన శుభ్రమైన తెలుగుకి మార్కులేసింది.

తెలుగు డేటా అసలు లేదని కాదు. ఇక్కడే ఐఐఎస్సీలో రెస్పిన్ ప్రాజెక్టు తెలుగుతో కలిపి తొమ్మిది భాషల్లో గొంతులు సేకరించింది, చెన్నైలో ఐఐటీ మద్రాస్‌లో మన భాషల మీద పనిచేసే ఏఐ4భారత్ బృందం ఉంది. కానీ అవి ఆరోగ్యంగా మాట్లాడేవాళ్ల మాటల కోసం. తడబడే తెలుగుని తడబాటుతో సహా, డాక్టరు ఖాయం చేసిన పేరుతో సహా పోగేయడం వేరే పని.

కోలార్_చిన్నోడు · ఆదివారం సాయంత్రం 5:48

ఐఐఎస్సీ పేరు తీసినారు కాబట్టి చెప్తా. మాది శ్రీనివాసపురం పక్క పల్లె. కర్ణాటకే గానీ ఇంట్లో తెలుగే. ఐఐఎస్సీలోని బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌వాళ్లు మా తాలూకాలో 45 దాటినోళ్లని ఏళ్ల తరబడి చూస్తా ఉండారు, పదివేల మంది లక్ష్యమంట. మా అత్త కూడా పోతుంది. రక్తం తీస్తారు, జ్ఞాపకశక్తి పరీక్షలు పెడతారు, స్కానింగ్ కూడా. ఒకసారి ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్తావని అడిగినారంట. మా అత్త ఆవు, ఎద్దు, దూడ, కోడె, పెయ్య అని దొడ్డి దాటకుండానే నిమిషం అయిపోయిందంట. ఇంటికొచ్చి "సింహం మర్చిపోతి" అని రెండు రోజులు బాధపడింది.

పలుకుబడి · ఆదివారం సాయంత్రం 6:10

ఆ సింకు బొమ్మ మీ అత్తకి చూపిస్తే స్టూలు సంగతి వదిలేసి "ఇంత నీళ్లు పారబోస్తారా" అని తిడుతుంది. నా దగ్గర చాలామంది అదే అన్నారు. పరీక్ష మన వాళ్ల బతుకుకి సరిపోవాలనే ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) తెలుగు, కన్నడం, హిందీ, బెంగాలీ, మలయాళాల్లో పరీక్షల పెట్టె తయారు చేయించింది. మధుగారూ, ఎక్కడికెళ్లినా తెలుగులో పరీక్ష పెట్టమని అడగండి, మొహమాటపడకండి.

మారతహళ్లి_మధు · ఆదివారం రాత్రి 9:33

అడుగుతాను మేడమ్. ఇంకో ఐడియా. అమ్మ పాత వాట్సాప్ వాయిస్ మెసేజీలు నా ఫోన్లో చాలా ఉన్నాయి. కోడ్ బ్రో, అవి పంపిస్తే మీ మెషీన్‌లో వేసి చూస్తారా?

కోడ్_కాపరి · ఆదివారం రాత్రి 9:50

పంపొద్దు. నాక్కాదు, ఇక్కడెవరికీ కాదు. మాటలోంచి జబ్బు తెలుస్తుందని ఇంతసేపూ అనుకున్నాం కదా, అలాంటప్పుడు ఆ ఆడియో మెడికల్ రిపోర్టుతో సమానం. క్యాంపువాళ్లు ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారో కూడా చూసుకోండి.

మీరే చూడొచ్చు. ప్రాట్ అని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ఆడియో తెరిస్తే మాట అలలాగా కనిపిస్తుంది, ఆగిన చోట గీత చదునుగా ఉంటుంది. పావు సెకను దాటిన చదును గీతలు గుర్తుపెట్టండి. వాట్సాప్ ఆడియోని నొక్కేస్తుంది, గొంతు వణుకు లాంటి సన్న కొలతలు నమ్మొద్దు. ఆగిన టైము మాత్రం చాలావరకు పనికొస్తుంది. ఊరందరి సగటుతో కాదు, అమ్మని అమ్మతోనే పోల్చండి. ఒకే విషయం మీద మాట్లాడినవి రెండు దొరికితే ఇంకా మంచిది.

నిర్వాహకుడు · సోమవారం ఉదయం 8:00

ఫలానా ఆసుపత్రి పేరేంటని అడుగుతూ వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. డాక్టరు చూడకుండా జబ్బు పేర్లు, మందుల పేర్లు సూచించొద్దు. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

మారతహళ్లి_మధు · మంగళవారం రాత్రి 11:57

దొరికాయి. ఆవకాయ.

మూడేళ్ల క్రితం అమ్మ హిందూపురం నుంచి మా ఆవిడకి ఆవకాయ ఎలా పెట్టాలో వాయిస్ మెసేజ్ పెట్టింది. 2 నిమిషాల 10 సెకన్లు. ఈరోజు సాయంత్రం ఏమీ చెప్పకుండా, "అత్తయ్యా, మా చెల్లి అడుగుతోంది, ఆవకాయ కొలతలు ఒకసారి మెసేజ్ పెట్టరా" అని మా ఆవిడ అడిగింది. పెట్టింది. 3 నిమిషాల 40 సెకన్లు.

రెండూ పక్కపక్కన పెట్టి కూర్చున్నాను. పాతదాంట్లో "ఆవపిండి గిద్దెడు, కారం గిద్దెడు, ఉప్పు కాస్త తక్కువ, మెంతులు గుప్పెడు, నువ్వుల నూనె మునిగేదాకా", గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కొత్తదాంట్లో "ఆ పిండి... పచ్చగా ఉంటుందే, ఘాటుగా... ఆవ, ఆవపిండి". అర సెకను దాటి ఆగినవి పాతదాంట్లో తొమ్మిది, కొత్తదాంట్లో ముప్పై ఒకటి. అందులో ఇరవై దాకా ఏదో ఒక వస్తువు పేరుకి ముందే. 'కలపాలి, ఆరబెట్టాలి, తిప్పాలి' దగ్గర ఎక్కడా ఆగలేదు. కొలతలు ఒక్కటీ తప్పలేదు, వరస తప్పలేదు. జాడీకి తడి తగలకూడదని రెండుసార్లు చెప్పింది, అది పాతదాంట్లోనూ రెండుసార్లే.

ఆప్ చెప్పిన 72 కన్నా ఇది నాకు ఎక్కువ భయం వేసింది. కానీ ఎందుకు భయపడుతున్నానో ఇప్పుడు తెలుసు.

పలుకుబడి · బుధవారం ఉదయం 7:22

మధుగారూ, ఈ రెండు ఆడియోలూ ఫోన్లో పైన పెట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. గ్రాఫులు చూపించక్కర్లేదు, వినిపించండి చాలు. ముందు వినికిడి పరీక్ష చేయించండి.

మారతహళ్లి_మధు · తర్వాతి వారం, గురువారం రాత్రి 8:45

నిమ్హాన్స్‌కి (ఇక్కడి మెదడు, మనసు జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి) వెళ్లొచ్చాం. డాక్టరమ్మ రెండు ఆవకాయలూ పూర్తిగా వింది, రెండోది మధ్యలో ఆపి కొన్నిచోట్ల మళ్లీ వింది. పరీక్ష తెలుగులోనే పెట్టారు. బొమ్మల పేర్లలో తడబడింది, మొదటి అక్షరం అందిస్తే చాలావరకు చెప్పింది. చిన్న వాక్యాలు తిరిగి చెప్పింది, పొడుగువి మధ్యలో వదిలేసి, "మళ్లీ చెప్పమ్మా, నీ సౌండ్ సరిగ్గా లేదు" అని డాక్టరునే దబాయించింది. అర్థాలు అడిగితే అన్నీ కరెక్ట్.

పేరేం పెట్టలేదు. ఎంఆర్ఐ రాశారు, బీ12, థైరాయిడ్ రాశారు. వినికిడి పరీక్షలో కుడి చెవి కాస్త తగ్గిందని వచ్చింది, దానివల్ల ఎంత, మిగతాదానివల్ల ఎంత అనేది స్కాన్ చూశాక అన్నారు. ఈలోగా స్పీచ్ థెరపీ మొదలుపెట్టమన్నారు. క్యాంపు రిపోర్టు చూపిస్తే అమ్మ దిద్దిన ఎర్ర సిరా చూసి నవ్వి, అది ఫైల్లో పెట్టుకున్నారు.

జయనగర్_పిన్ని · గురువారం రాత్రి 9:10

స్కాన్ రిపోర్టు ఎప్పుడు బాబూ?

మారతహళ్లి_మధు · గురువారం రాత్రి 9:14

వచ్చే బుధవారం పిన్నిగారూ. మారతహళ్లి నుంచి ఎన్నింటికి బయల్దేరితే టోకెన్ దొరుకుతుంది?

జయనగర్_పిన్ని · గురువారం రాత్రి 9:20

ఆరింటికల్లా బయల్దేరండి, సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కోరు. అమ్మకి ఇడ్లీ డబ్బాలో పెట్టుకెళ్లు, ఎంతసేపు కూర్చోవాలో తెలియదు. నేనూ ఆ రోజు మా ఆయన్ని తీసుకొస్తున్నాను. నీలం స్వెట్టర్ వేసుకుని ఉంటారు. పలకరిస్తే మాట్లాడకపోవచ్చు గానీ చెయ్యి పట్టుకుంటారు.